దీనికి మస్టర్ పడ్తదా?

బొగ్గు బాయిల మా మందమర్రిలో ఏ పనికైనా ఒకటే పరీక్ష: మస్టర్ పడుతుందా, లేదా? బాయిలోకి దిగితే మస్టర్, అంటే హాజరు; దిగకపోతే నాగా. కథలు రాసుకునేవాడు ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటాడు గనుక, నన్ను ఏ ఖాతాలో వేయాలో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మా బాపు కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయిన మనిషి. ఆయన కాలంలో ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. నేను రాత్రంతా కూర్చుని కవిత రాశానంటే, "ఎన్ని టబ్బులైనయ్‌రా?" అంటాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని. పదహారు పంక్తులంటే కాసేపు ఆలోచించి, "గంతేనా? బండ గిట్ల అడ్డమొచ్చిందా?" అని అడిగాడొకసారి. నా కవిత్వం మీద ఇంత దయగల విమర్శ ఇంకెవరూ చేయలేదు.

బతకడానికి బజారులో ఒక డీటీపీ దుకాణం పెట్టుకున్నాను. పేరుకు అక్షరాల వ్యాపారమే గాని, ఫ్లెక్సీకి పైసలిచ్చేది చదరపు అడుగు లెక్కన. మాటలు ఉచితం. యువనాయకుడి పుట్టినరోజుకు ఆయన చుట్టూ దోస్తులందరి ఫొటోలూ ఇరికించాక, మిగిలిన జానెడు జాగాలో నా ప్రతిభ సర్దుకోవాలి. హైకూ జపానులో ఎట్లా పుట్టిందో గాని, ఇక్కడైతే ఇట్లనే పుట్టేది.

సన్మాన పత్రాల సంగతి వేరు. అక్కడ మాటకు ధర ఉంది. సింగరేణిలో 61 ఏళ్లు నిండినవాళ్లు నెలాఖరున దిగిపోతారు, నెలాఖరు నాకు పండుగ. ఉద్యోగమంతా నాగాలతో నెట్టుకొచ్చినవాడు కూడా నా పత్రంలో "విధి నిర్వహణలో అలుపెరుగని యోధుడు, మృదుస్వభావి, అజాతశత్రువు". దీన్ని కల్పనా సాహిత్యం కాదన్నవాడితో వాదానికి సిద్ధం. కాకపోతే ఈ సీము కూడా అడుగంటుతోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. పైగా ఎంత బతిమాలినా ఎవడూ రెండోసారి రిటైర్ కాడు.

ఇంకా సింగరేణి గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికల కరపత్రాలు. 2017 తర్వాత ఆ ఎన్నికలు మళ్లీ 2023 డిసెంబరు 27న గాని జరగలేదు. ఆ ఆరేళ్లూ కార్మికులు హక్కుల కోసం చూశారు, నేను ఆర్డర్ల కోసం చూశాను. తీరా వచ్చాక పొద్దున ఒక సంఘానికి సవాలు, సాయంత్రం ఇంకో సంఘానికి దాని జవాబు రాసిచ్చాను. రెండుచోట్లా నా వాదనకు తిరుగులేదు.

నేను మనసుపడి రాస్తున్నది మాత్రం బాపు దిగిన బాయి మీద నవల. అది మూడో అధ్యాయం దగ్గర ఆగింది. "రాసి బతికినోళ్లు మనదిక్కు ఎవరన్న ఉన్నరా?" అని బాపు అడిగితే ఉత్సాహంగా చెప్పాను. హనుమాజీపేట సినారె 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటల్లో అడుగుపెట్టి, యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే రాసి, 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం తెచ్చుకున్నాడు. మన లింగాపూర్ గూడ అంజయ్య తెలంగాణ అంతా పాడుకునే పాటలు కట్టాడు, కొలువు ఫార్మసిస్టుగా. బాపు అంతా విని, "అంటే ఇద్దరికీ నెల జీతమున్నదన్న మాట" అన్నాడు. సాహిత్య చరిత్రను ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

అయితే నా నవలను ఆపింది పైసల పని కాదు. సన్మాన పత్రం గంటలో అయిపోతుంది, బియ్యం తెస్తుంది, పోతుంది. ఆపింది మూడో రకం: మనసూ లేనిది, మస్టరూ పడనిది. "బావా, నువ్వు రాస్తే ఆ లెక్కే వేరుంటది" అంటూ బామ్మర్ది వస్తాడు. అంత మాటన్నాక రేటు చెప్పడానికి నోరెట్లా వస్తుంది? గణేశ్ మండలి ఆహ్వానం, బడి వార్షికోత్సవానికి స్వాగతగీతం, ఎవరిదో భూతగాదాకు అర్జీ. పైసలిచ్చేవాడు ఒక్కసారి దిద్దించి తీసుకుపోతాడు. ఊరికే రాయించుకునేవాడికి మాత్రం ఎన్నిసార్లు దిద్దినా తృప్తి ఉండదు, నలుగురికి చూపించి వాళ్ల సలహాలు కూడా మోసుకొస్తాడు.

చివరికి మా ఆవిడ గల్లా దగ్గర కూర్చుంది. వచ్చినవాళ్ల పని వింటుంది, లోపలికి తిరిగి, "దీనికి మస్టర్ పడ్తదా?" అని అడుగుతుంది. పడదంటే, "పోనీ, మనసన్న ఉన్నదా?" అంటుంది. రెండూ లేవంటే వాళ్లతో, "ఆయన బాయిల దిగిండు, పొద్దుమీకి గాని రాడు" అని చెప్పి పంపేస్తుంది. నేను వెనక గదిలో దగ్గు ఆపుకుని కూర్చుంటాను. ఈ పద్ధతి మొదలైనప్పటి నుంచి నవల కదిలింది. బాపు కూడా, "టబ్బులు నిండుతున్నయా?" అని ఆశగా అడుగుతున్నాడు.

మొన్న మా మామ రిటైర్మెంట్ తేదీ ఖరారైంది. నేను గొంతు సవరించుకుని, మస్టర్ సంగతి మా ఆవిడనే అడిగాను.

"మా బాపుకు రాస్తానికి మస్టరేందయ్యా? రెండు పేజీలు తగ్గొద్దు, ఫ్రేము కూడ కట్టియ్యి" అంది. రాయడం మొదలుపెట్టాక వెనక నిలబడి చదివి, నా భుజం తట్టింది.

"మృదుస్వభావి అని మాత్రం తీసెయ్. మా అమ్మ నలుగుట్ల నవ్వుతది."