వెర్షన్ సిద్ధాంతి

కోడ్ ఎవరు రాసుకున్నా ఆయనకు పట్టదు. ఆ కోడ్‌ను డెబియన్ ప్యాకేజీగా కట్టి నంబరు వేసే వేళకు మాత్రం పిలవకపోయినా వచ్చి వెనక నిలబడతాడు. ఇలాంటి సిద్ధాంతి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు.

"1.0-ఆర్‌సీ1 అని పెట్టేశా అన్నా" అంటాడు కుర్రాడు. సిద్ధాంతి టీ గ్లాసు కింద పెడతాడు. "రేపు అసలు 1.0 వస్తే? దానికన్నా ఇదే పెద్దదని కూర్చుంటుంది. టిల్డె పెట్టు నాయనా, టిల్డె!" 1.0~ఆర్‌సీ1 అంటే 1.0 కన్నా చిన్నదే. కుర్రాడికి నమ్మకం చిక్కదు. ఆయనే కీబోర్డు లాక్కుని డీపీకేజీకి రెండు నంబర్లూ ఇచ్చి, టిల్డె ఉన్నది చిన్నదేనా అని పోల్చమంటాడు. ఆ కమాండ్ అవుననదు, కాదనదు. ఫలితాన్ని విడిగా అడిగి రాబట్టాలి. సున్నా వస్తే నిజమని అర్థం. ఆ సున్నా చూసినప్పుడు ఆయన మొహం చూడాలి!

1.9 తర్వాత 1.10 ఎలా వస్తుందని అకౌంట్స్ వాళ్లతో ఆయనకు తీరని తగువు. వాళ్ల లెక్కలో అది రూపాయి పది పైసలే మరి.

హైఫన్ తర్వాతి అంకె ఆయన సొంత జాగీరు. ప్యాకేజీ వివరణలో అక్షరదోషం దిద్దినా -1 కాస్తా -2 కావాల్సిందే. బయటికెళ్లిన నంబరుతో ఇంకోటి పంపడమంటే ఎంగిలి విస్తట్లో వడ్డించడమే. లైనస్ టోర్వాల్డ్స్ 2011లో అంకెలు మరీ పెరిగిపోతున్నాయంటూ 2.6.39 తర్వాత లైనక్స్ కెర్నల్‌ను ఏకంగా 3.0 చేసేయడం ఆయనకిప్పటికీ మింగుడుపడలేదు.

ఆయన ముందు ఎపాక్ మాటెత్తకూడదు. ఎవరో తేదీనే వెర్షన్ చేసి 20240105 అని పెడతారు. తర్వాత అసలు రచయిత 1.0 అంటాడు. ఇక పాతదానికన్నా ఇది పెద్దదనిపించడానికి నంబరు ముందు 1: అనే ఎపాక్ తగిలించక తప్పదు. అది ఫైలు పేరులో కనబడదు గాని, ప్యాకేజీ ఉన్నన్నాళ్లూ వదలదు. విమ్ ఎడిటర్‌కు డెబియన్‌లో ఏకంగా 2: ఉంది. 2.0 పంపాక వెనక్కి తగ్గాల్సొస్తే 2.0+రియల్లీ1.9 అని రాయడం ఇంకో ఉపాయం. అబద్ధమూ, పక్కనే ఒప్పుకోలూ!

మనిషి విసిగిస్తాడు, నిజమే. కానీ ఏది కొత్తదో ప్యాకేజీలు దించే ఏపీటీ తేల్చుకునేది ఆయన చెప్పిన లెక్కలోనే. వెర్షన్ లేని కోడ్‌ను ప్యాకేజీ కట్టబోతే తేదీ ముందు 0~ పెట్టమంటాడు. మారుమాట్లాడక పెట్టేయండి.