సింహాసనం లేని బిరుదు: టైకూన్ ఆత్మకథ

స్టీల్ టైకూన్, రియల్ ఎస్టేట్ టైకూన్ అంటూ పత్రికలు రోజూ ఎవరో ఒకరి పేరుకు నన్ను తగిలిస్తుంటాయి. చక్రవర్తుల బిరుదు కాస్తా వ్యాపారుల పాలైందని నాపై జాలిపడేవాళ్లూ ఉన్నారు. ఆ జాలి నాకక్కర్లేదు, నేనేనాడూ చక్రవర్తి బిరుదును కాను. జపాన్ చక్రవర్తి క్యోటోలో కూర్చునేవాడు. పెత్తనమంతా ఎదోలో, అంటే నేటి టోక్యోలో, తొకుగావా షోగున్‌ది. పేరుకు అతను చక్రవర్తి నియమించిన సేనాపతే. మరి కొరియా రాజు అతన్ని ఏమని సంబోధించాలి? సేనాపతి అంటే లోకువ. రాజు అంటే చైనా చక్రవర్తికి సామంతుడనిపిస్తుంది, పైగా క్యోటోలో అసలు చక్రవర్తి ఉండనే ఉన్నాడు. ఈ ఇరకాటంలో, 1630లలో, చీనా గ్రంథాల్లోని పాతమాటను వెతికి పట్టుకున్నారు: తైకున్. నన్ను రాసే రెండక్షరాల్లో మొదటిది చేతులు బార్లా చాపిన మనిషి బొమ్మ, 'పెద్ద' అని అర్థం. రెండోది కర్ర పట్టిన చెయ్యి, దానికింద నోరు. ఆజ్ఞ ఉంది, కిరీటం లేదు.

1711 నాటికి అరాయ్ హకుసేకి అనే పండితుడు, కొరియాలో ఇది రాకుమారుడి బిరుదంటూ నన్ను తీయించేశాడు. కొరియా నుంచి తర్వాతి రాయబారం వచ్చేనాటికి మళ్లీ నేనే దిక్కయ్యాను. 1858లో అమెరికాతో కుదిరిన ఒప్పందంలోనైతే మహారాజ మర్యాదలన్నీ నాకే జరిగాయి. పదేళ్లు తిరక్కుండానే షోగున్ల పాలన కూలింది. చివరి షోగున్ యోషినోబు పదవి పోయాక ఫొటోలు తీసుకుంటూ 1913 దాకా హాయిగా బతికాడు. నాకు మాత్రం స్వదేశంలో పనే లేకుండా పోయింది. చక్రవర్తే స్వయంగా ముందుకొచ్చాక, ఆయన చాటున పెత్తనం చేసినవాడి బిరుదెవరిక్కావాలి?

అప్పటికే సముద్రం దాటి ఉన్నాను కాబట్టి బతికిపోయాను. లింకన్ కార్యదర్శి జాన్ హే తన అధ్యక్షుణ్ణి చాటుగా టైకూన్ అనేవాడు, ఎగతాళిగానూ మురిపెంగానూ. 1920లలో టైమ్ వంటి అమెరికన్ పత్రికలు నన్ను వ్యాపారులకు అంటగట్టాయి. డబ్బు వేరు, అధికారం వేరు కదా అంటారేమో. వేలమంది జీతాలు, సరుకు ధరలు, ఒక్కోసారి ప్రభుత్వ నిర్ణయాలు కూడా ఒకడి మాట మీద నడుస్తున్నప్పుడు, అతను ఏ ఎన్నికలోనూ నిలబడనప్పుడు, ఆ స్థానం షోగున్‌ది కాక మరెవరిది? అక్కడ నేను ఇమిడిపోతాను. నా గొడవల్లా నాలుగు ప్లాట్లు అమ్మినవాణ్ణీ టైకూన్ అనేవాళ్లతోనే. నన్ను కాదన్నా, తగునా తగదా అని ఆలోచించిన ఆ హకుసేకి వీళ్లకన్నా నయం.