రాకీ పిలుపుకు టీకా

మూలం: «రాకీ! కమాన్ రాకీ! రా... కీ...!»

అవతారిక. శింగనమల రంగరాయల చెరువు కట్ట మీద పొద్దుగూకే వేళ ఒక విశ్రాంత అధికారి తన కుక్కనుద్దేశించి ఎలుగెత్తిన వాక్యమిది. కుక్క నాటుది. పేరు మాత్రం సంఖ్యాశాస్త్రజ్ఞుడికి రుసుము చెల్లించి పెట్టించినది.

ప్రతిపదార్థం. సులభము గనుక విడిచితిమి.

పాఠాంతరం. మెడపట్టీ మీది ఇంగ్లీషు పేరు చివర ‘ఐ’ అక్షరం రెండుసార్లు చెక్కించినారు. అట్లయితే కలిసొస్తుందట. ఇది విచార్యం. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు వాక్యం చివరి అచ్చును ప్లుతం చేయమని, అనగా మూడు మాత్రల సేపు పలకమని, పాణిని ఎనిమిదో అధ్యాయంలో విధించినాడు. ఆ లెక్కన మూడు ఐలు ఉండవలె. రుసుము పూర్తిగా పుచ్చుకొని మాత్ర ఎగ్గొట్టినవాణ్ణి ఏమనవలె?

విశేషం. పాణినికి కుక్క అంటే చిన్నచూపు లేదు. ఆరో అధ్యాయంలో ఒకే సూత్రానికి కుక్కను, పడుచువాణ్ణి, దేవేంద్రుణ్ణి కలిపి కట్టినాడు. ఇంద్రుడికి ఇందులో నామోషీ ఏమీ లేదు. పణులు దాచిన ఆవుల జాడ తీసింది ఆయన కుక్క సరమే. ఆమె పిల్లకు వేరే పేరు వెతకలేదు, తల్లి పేరుతోనే సారమేయుడైనాడు. జనమేజయుడి తమ్ముళ్ళు ఆ పిల్లను ఊరకే కొడితే సరమ యజ్ఞశాలకే పోయి నిలదీసి శపించింది. ఇక మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఉన్నదే, దానికి వ్యాసుడు పేరే పెట్టలేదు. తమ్ముళ్ళూ భార్యా దారిలో కూలినారు. ఎవరూ పిలవని కుక్క మాత్రం చివరిదాకా వచ్చింది. దానికోసం ధర్మరాజు స్వర్గాన్నే వద్దన్నాడు. ఐలు ఎన్నో ఎవరూ అడగలేదు.

ఏం చెప్తాంటిమి? ఆ, రాకీ.

శబ్దవిచారం. తెలుగిళ్ళ కుక్కకు ‘రా’ అంటే రావడమే. తర్వాతి ‘కీ’ దగ్గర చిక్కొచ్చింది. చెనిక్కాయ చేల మీదుగా గాలి కొట్టేటప్పుడు చివరి అచ్చు చెదిరిపోతే ‘రాకీ’ కాస్తా ‘రాకు’ అవుతుంది. కుక్క ఆజ్ఞ పాటించి కట్ట దిగి పోతుంది. అవిధేయత అని పాపం దానికి తిట్లు.

ప్లుతంతో ఇంకో ఇబ్బంది. అమెరికా శాస్త్రవేత్త ప్యాట్రీషియా మెకానెల్ 1990లో కుక్కపిల్లల మీద పరీక్షించి చెప్పినదేమంటే, పొట్టి స్వరాలు గబగబా పలికితే అవి కదులుతాయి, ఒకే పొడుగు స్వరం లాగితే నెమ్మదిస్తాయి. పాణిని విధి మనుషులకు. అధికారిగారు మూడు మాత్రలు సాగదీసి కుక్కను నిలేస్తున్నారన్నమాట. మా గొర్ల కాపరులు ‘చూ చూ చూ’ అంటారు, అంతే. జ్యోతిష్యం కావాలన్నవారికి అదీ ఉన్నది: ‘చూ’ అశ్వని మొదటి పాదం అక్షరం. రుసుము లేదు.

తాత్పర్యం. పేరు బాగుంటే కుక్క బాగుంటుందని కవి హృదయం. ఎండాకాలం మా జిల్లాలో గుట్టలు సెగలు కక్కుతున్నప్పుడు ఆ ఇంటి గేటు దగ్గర కుక్కకు నీళ్ళ చిప్ప అయినా లేదు. రెండు ఐల రాకీ మా పెరటి తొట్టిలో మూతి పెడుతుంది. పోనీ, తాగనీ.

అనుబంధం. సంబోధనకు ఓ, ఓయి, ఓరి, ఓసి అని మన వ్యాకరణాలు చెప్తాయి. కుక్క పేరును అంత ముద్దుగా పలికే ఆ నోరే పొద్దున పాలు పోసే పెద్దాయనను ‘ఏయ్!’ అంటుంది. ఆయనకూ పేరున్నది, ఊరందరికీ తెలుసు. ఈ ‘ఏయ్’కు ఏ సూత్రమో వెతుకుతున్నాం, దొరికితే రెండో సంపుటంలో వేస్తాం. ఈలోగా ఆ పాలబాకీ కట్టేస్తే మేలు.