నల్లజర్లకో బీచ్ కావాలి

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచీ బట్టీ పట్టాం. ఈమధ్య కేంద్రం మళ్లీ కొలిపిస్తే 1,053 తేలింది. సముద్రం అంగుళం జరగలేదు, ఒంపులూ సొంపులూ వదలకుండా కొలిచారంతే. ఒక్క లారీ ఇసుక తోలకుండా, కూర్చున్నచోట దాదాపు ఎనభై కిలోమీటర్ల తీరం పుట్టించిన సర్కారు వారికి, అందులో ఒక్క కిలోమీటరు మా నల్లజర్లకు రాసిచ్చెయ్యడం ఏపాటి పని?

నల్లజర్ల మెట్ట కదండీ అంటారు. నిజమే. ఎర్రనేల, జీడిమామిడి, పామాయిల్ తోటలు, బోరు నీళ్లు. మా జిల్లా పేరు మారింది గానీ సముద్రం దగ్గరికి రాలేదు. అలలు చూడాలంటే పేరుపాలెం దాకా పోవాలి, కాస్త గొప్పగా చూడాలంటే విశాఖ పోవాలి. అయితే ఏం? తీరాన్ని అభివృద్ధి చెయ్యడానికి సముద్రం ఉండి తీరాలని ఏ జీవోలో ఉంది? విశాఖ అనుభవం చూస్తే అసలు అడ్డంకి సముద్రమేనని తేలుతోంది.

2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించారు. ఖర్చు రూ.1.60 కోట్లని పత్రికలు రాశాయి. అలల మీద నడవొచ్చన్నారు, చివర్న నిలబడి సాగరాన్ని చూడొచ్చన్నారు. రిబ్బను కత్తిరించి ఇళ్లకెళ్లారు. మర్నాడు చూస్తే చివర నిలబడి చూసే ఆ ముక్క వంతెనతో లేదు, విడిగా నీళ్లలో ఉంది. జనం తెగిపోయిందన్నారు. విశాఖ అభివృద్ధి సంస్థ వారు కాదు కాదు, పటుత్వం పరీక్షించడానికి మేమే విడదీశాం, ఇది మాక్ డ్రిల్ అన్నారు. మాట ఎవరిదైనా కానివ్వండి, ఆ వివరణకు నేను దాసుడిని. ప్రారంభించాక పరీక్షించడంలో ఒక ధైర్యం ఉంది. పరీక్ష ముందే పెడితే ఫెయిలయ్యే ప్రమాదముంది కదా. మా ఊళ్లో పెళ్లయ్యాక జాతకాలు చూపించినవాళ్లు లేరు, అందుకే మేం ఇంకా వెనకబడి ఉన్నాం.

ఇక ఇసుక సంగతి. నైరుతి గాలుల కాలంలో తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, తిరుగు గాలుల్లో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద పోయేది ఉత్తరానికే ఎక్కువ. ఆ దారికి అడ్డంగా 1970ల్లో విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడలు లేచాయి. దక్షిణాన వచ్చిన ఇసుక అక్కడే ఆగింది, ఆర్కే బీచ్‌కు రావాల్సింది రాలేదు. బీచ్ కోతకు గురవుతోందని గొడవ లేస్తే, ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి తెచ్చి బీచ్‌లో పోస్తున్నారు. కాలవకు అడ్డుకట్ట వేసి దిగువ చేనికి బిందెలతో నీళ్లు మోసినట్టుంది వ్యవహారం. పోసిన ఇసుకను సముద్రం తన పద్ధతిలో తీసుకుపోతూనే ఉంటుంది. ఆ కోసుకుపోయే అంచునే మనం బల్లలు, రంగు దీపాలు, మనిషెత్తు ఇంగ్లిషు అక్షరాలు నాటేది. ఊరి పేరు పక్కన ఎర్ర గుండె గుర్తు లేకపోతే ఆ ఊరిని ఎవరూ ప్రేమించరట.

రుషికొండ జోలికి ఎక్కువ పోను, కోర్టుల్లో నలిగిన వ్యవహారం. కొండ మీదున్న హరిత రిసార్టును 2021లో కూల్చారు, ఎన్జీటీ నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచారు, 2024 ఫిబ్రవరి 29న కొత్త భవనాలు ప్రారంభించారు. ఇవి దేనికి అన్న ప్రశ్నకు కట్టిన ప్రభుత్వం ఒక జవాబు గట్టిగా చెప్పలేదు, తర్వాతి ప్రభుత్వం దానికోసం మంత్రుల బృందం వేసింది. ఇల్లు కట్టి, ఎవరుండాలో తర్వాత ఆలోచించుకునే స్తోమత అందరికీ ఉండదు.

మరి స్థానికులేమంటారు? ఇది మాత్రం నిదానంగా చెప్పుకోవాలి. పొద్దున్నే నడిచే పెద్దమనిషి ‘లైట్లు బావున్నాయండీ, బాత్రూములే లేవు’ అంటాడు. అపార్ట్‌మెంటు అమ్మేవాడు ‘సీ వ్యూ’ అని గజానికి రేటు పెంచుతాడు, అభివృద్ధికి అసలైన అభిమాని అతనే. మురీ మిక్చర్ బండివాడు ఏమీ అనడు, ఎందుకంటే శంకుస్థాపన నాటి ఉదయమే అతని బండి ఆక్రమణ అయిపోతుంది. జాలారిని అసలు అడగరు. వలలు ఆరేసుకునే చోటు వాకింగ్ ట్రాక్ అవుతుంది, చేపలు ఎండబెట్టే చోటు ఫుడ్ కోర్టు అవుతుంది, అందులో అపోలో ఫిష్ అమ్ముతారు. నమూనా చిత్రంలో పడవ ఉంటుంది, పడవవాడు ఉండడు. ఏ నెల్లో ఏ వాలు ఎటు లాగుతుందో అతనికి తెలుసు. ఒక్క పూట కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ వంతెన సంగతీ తేల్చేసేవాడు, టీ ఖర్చుతో.

పెద్ద పరిశ్రమ పెట్టాలంటే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం నెల ముందు పేపర్లో ప్రకటన ఇచ్చి ప్రజాభిప్రాయ సభ పెట్టాలి. బల్లలకూ దీపాలకూ ఆ బెడద లేదు. అందుకే ఏదైనా చెయ్యదలిస్తే దానికి సుందరీకరణ అని పేరు పెడితే సరి. అందాన్ని వద్దనే మొరటువాడెవడు?

ఇవన్నీ చూశాకే నల్లజర్ల పేరు ముందుకు తెస్తున్నాను. మాకు అలలు లేవు, కాబట్టి వంతెన విడిపోదు. ఇసుక నడవదు. తీర పరిరక్షణ నిబంధనలు వర్తించవు. అడగకుండా వదిలేసినందుకు నొచ్చుకునే జాలర్లూ లేరు. గుండుగొలను నుంచి కొవ్వూరు పోయే పెద్ద రోడ్డు మా మీదుగానే వెళ్తుంది, మంత్రిగారు కారు దిగి, రిబ్బను కత్తిరించి, మళ్లీ ఎక్కొచ్చు. నీళ్లు ఉండి తీరాలంటే వానాకాలంలో అనంతపల్లి దగ్గర ఎర్రకాలవ పొంగుతుంది, పొలాలన్నీ సాగరమే.

కొల్లేటివాళ్లు పోటీకొస్తారేమోనని ఒక్కటే దిగులు. వాళ్లకు నిజంగా నీళ్లున్నాయి, ఆటపాకలో పెలికాన్లున్నాయి, బోటు షికారుంది. కానీ ఒడ్డు ఎక్కడుందో వాళ్లే చెప్పలేరు. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో మూడో కాంటూరుకు తగ్గించమని శాసనసభ తీర్మానించింది, కుదరదని తర్వాత దీని మీద వేసిన అజీజ్ కమిటీ చెప్పింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ముందు హద్దులు తేల్చి రమ్మంది. ఒడ్డు ఫైలులో ఉన్న సరస్సుకు బల్లలెక్కడ వేస్తాం?

అయినా వాళ్ల మీద నాకు కక్ష లేదు, వాళ్లకూ ఒక ఏర్పాటు ఆలోచించాను. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు ఒక్కసారి దిగినప్పుడు, ఉప్పుటేరు లాగలేక కొల్లేరు ఉబ్బుతుంది. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డెక్కి నీళ్లు పారతాయి, బస్సులు ఆగిపోతాయి. విశాఖ తేలియాడే వంతెనతో తృప్తి పడింది. ఇక్కడ పైసా ఖర్చు లేకుండా మునిగియాడే వంతెన సిద్ధంగా ఉంది. శిలాఫలకం చెక్కించి వచ్చే వరదకే ప్రారంభించొచ్చు. రిబ్బను మాత్రం కాస్త ఎత్తులో కట్టాలి.