‘ఎవలొచ్చినా గంతే’: టీకా తాత్పర్య సహితం

మూలం:
ఏం ప్రధానమంత్రో ఏమో, ఎవలొచ్చినా గంతే గదన్నా!

ముందుగా కర్తృత్వ విచారం. ఈ వాక్యాన్ని మొదట అన్నదెవరో తేలలేదు. వేదంలాగే ఇదీ అపౌరుషేయమని ఒక పక్షం. గద్వాల వైపు నడిగడ్డ విత్తన పత్తి చేలల్లో క్రాసింగు చేసే ఆడకూలీలు మగవాళ్లకంటే ధాటిగా ఈ మాట అంటారు కాబట్టి, అపౌరుషేయమన్న మాట ఇంకో రకంగానూ చెల్లుతుందని టీకాకారుడు ఒప్పుకుంటాడు. జన్మస్థానం మీద మాత్రం వివాదం లేదు. గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో ఒక చాయ్ హోటల్. టీ దగ్గర పుట్టిన మాటకు టీకా తప్పుతుందా?

వ్రాతప్రతులు లేవు. పాఠాంతరాలు మాత్రం బోలెడు. ‘ప్రధానమంత్రి’ ఉన్నచోట ‘ముఖ్యమంత్రి’ అని కొందరు, ‘ఎమ్మెల్యే’ అని కొందరు, పంచాయతీ ఎన్నికల ఏడాది ‘సర్పంచి’ అని కొందరు చదువుతారు. ఏది పెట్టినా గణభంగం కాదు. యతి ‘ఏమో’ తర్వాత. అక్కడ ఒక గుటక పడాలి.

ఇంత చిన్న మాటకు ఇంత హంగెందుకని అడిగేవాళ్లకు ఊరి సంగతి చెప్పాలి. గద్వాలను ఒకప్పుడు విద్వద్గద్వాల అనేవారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు తిరుపతి వేంకట కవులంతటివాళ్లు సన్మానాలకు వచ్చారు. ఒక్క విభక్తి మీద రోజంతా తగువులాడగల పండితులు ఇక్కడ వార్షికాలు తీసుకుని బతికారు. సంస్థానాలు పోయాయి, వార్షికాలు పోయాయి. తగువులాడే నాలుక ఒక్కటే మిగిలింది.

ఈ వాక్యం వైరాగ్యం బోధిస్తుందని పూర్వపక్షం. ఎన్నికలప్పుడు కారులో వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే విలేకరులు ఈ పక్షంవారు. మాట విని, ‘ఓటర్లలో నిర్లిప్తత’ అని రాసుకుని, చాయ్ డబ్బులిచ్చి వెళ్తారు. ఆ పక్షం ఎందుకు నిలవదో పదం పదం చూడాలి.

‘ఏం’. ప్రశ్నార్థకం, కానీ జవాబు కోరదు. పార్లమెంటులో నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో చెప్పాలి, గుర్తు లేనిదానికి కాగితం మీద ఇస్తే చాలు. ఈ ‘ఏం’ ఆ రెండింటిలోనూ చేరదు.

‘ప్రధానమంత్రో’. ‘ఓ’ సందేహార్థకం. ఎవరిమీద సందేహమని అడిగితే టీకాకారుడు కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ మూడు జిల్లాల్లో ప్రధానమంత్రి శబ్దానికి నిఘంటువుల్లో లేని అర్థం ఒకటుంది: కాలువ. కృష్ణ మీద జూరాల పేరు ప్రియదర్శిని జూరాల. గద్వాల వైపు నీళ్లెత్తే నెట్టెంపాడు పేరు జవహర్ నెట్టెంపాడు. వనపర్తి వైపు భీమా ఎత్తిపోతల పేరు రాజీవ్ భీమా. తాత, కూతురు, మనవడు ముగ్గురూ పాలమూరు నీళ్లలోనే ఉన్నారు. శ్రీశైలం వెనకనీళ్లను కొల్లాపూర్ దగ్గర ఎత్తే కల్వకుర్తి పథకానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు గానీ, ఆయన ఏ ప్రభుత్వ పదవీ తీసుకోలేదు కాబట్టి ఈ వ్యాఖ్యకు బయటివాడు. ‘జవహర్‌కు మోటరు కాలింది’, ‘రాజీవ్‌కు పూడిక తియ్యాలె’ అన్న వాక్యాలు ఇక్కడ వ్యాకరణరీత్యా నిర్దుష్టం, రాజద్రోహం కాదు.

జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగింది. ఆనకట్టలో నీళ్లు నిలిచేసరికి 1990ల సగం గడిచింది. రాయి వేసేనాటికి ఇందిర ప్రధాని, నీళ్లు నిలిచేనాటికి పీవీ ప్రధాని, నడుమ ముగ్గురు. ఈ నడుమ కాలమంతా పాలమూరు మనిషి ఎక్కడున్నాడు? బొంబాయిలో, దేశంలోని నానా ఆనకట్టల కింద, పాలమూరు లేబర్ అన్న పేరుతో ఇతరుల నీళ్లకు మట్టి మోస్తూ ఉన్నాడు. కాబట్టి ‘ఓ’లోని సందేహం వ్యక్తి మీదిది కాదు, నీటి రాక మీదిది. ఈ మధ్య ప్రధానమంత్రి శబ్దానికి ఇంకో అర్థం చేరింది: విడత. 2019 నుంచి పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో రెండేసి వేలు. ప్రధానమంత్రి పడ్డడా అని బ్యాంకు దగ్గర రైతు అడిగితే, అది ఖాతా గురించి.

‘ఏమో’. అనిశ్చయార్థకం. దీని స్వర్ణయుగం 1989 డిసెంబర్ నుంచి 1998 మార్చి వరకు. ఆ కాలంలో ఆరుగురు ప్రధానులు. అయిదేళ్లు పీవీ ఒక్కరే తీసుకున్నారు. మిగిలిన అయిదుగురూ కలిసి మూడున్నరేళ్లు కూడా నిండించలేదు. ఒక వలసకు పోయి వచ్చేలోపు దేశానికి కొత్త ప్రధాని ఉండేవాడు. 2022లో బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రధాని పదవిలో తడబడుతుంటే ఒక పత్రిక కెమెరా ముందు లెట్యూస్ ఆకుకూరను పెట్టి, ముందు వాడేది ఎవరని పందెం కట్టింది. ఆకుకూరే గెలిచింది, ఆవిడ మొత్తం 49 రోజులున్నారు. మనకు ఆ వేడుక తెలియక కాదు. 1996లో వాజ్‌పేయి తొలి ప్రభుత్వం 13 రోజులే నిలిచింది. చాయ్ హోటల్ బల్ల మీద ఒక దోసకాయ పెట్టి ఉంటే అదే గెలిచేది.

తెలుగువాడు ప్రధాని అయినా ‘ఏమో’ వదల్లేదు. 1991 నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో పీవీ నరసింహారావు నిలబడితే, తెలుగుబిడ్డ అన్న గౌరవంతో ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. మెజారిటీ అయిదు లక్షలు దాటింది. అలంపురం దగ్గర తుంగభద్ర దాటితే కర్నూలు, ఆ పక్కన నంద్యాల. నడిగడ్డకు పొరుగూరి పెళ్లి లాంటిది. అంత మెజారిటీ ఉన్న మనిషి 1993 జూలై 28న లోక్‌సభలో అవిశ్వాసాన్ని 265కు 251తో గట్టెక్కారు. ఆ పద్నాలుగు ఓట్ల తేడా వెనక జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు ముడుపులు అందాయని కేసు. 1998లో సుప్రీంకోర్టు చెప్పిన అర్థం విద్వద్గద్వాల పండితులకు కూడా తట్టేది కాదు: లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంది, తీసుకుని ఓటేయనివాడికి లేదు. అంటే మాట నిలబెట్టుకున్నవాడు సురక్షితం. పీవీని కింది కోర్టు 2000లో దోషి అంది, ఢిల్లీ హైకోర్టు 2002లో నిర్దోషి అంది. లంచానికి రక్షణ లేదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది 2024 మార్చి 4న. ముప్పై ఏళ్లకు పైగా పట్టిన సంధికార్యం ఇది.

‘ఎవలొచ్చినా’. ఎవలు ప్లస్ వచ్చినా. ‘వస్తే’ అంటే చేదర్థకం, ‘వచ్చినా’ అంటే అప్యర్థకం. ‘వస్తే’లో ఆశ ఉంటుంది, ‘వచ్చినా’లో అనుభవం ఉంటుంది. ‘ఎవలు’ ఏకవచనమా బహువచనమా అని శంక. రెండూ, సంకీర్ణ ప్రభుత్వాల కాలంలో పుట్టిన పదానికి వచనం అడగకూడదు.

వచ్చినవాళ్ల లెక్క చూద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే లోక్‌సభ స్థానం కింద ఉన్నాయి, పేరు నాగర్‌కర్నూల్. 2014లో కాంగ్రెస్ నెగ్గింది, 2019లో టీఆర్‌ఎస్ నెగ్గింది. 2024 మార్చి 16న, ఎన్నికల తేదీలు ప్రకటించిన రోజే, ప్రధాని నరేంద్ర మోదీ నాగర్‌కర్నూల్‌కు వచ్చి సభ పెట్టారు. దేశమంతా నాలుగు వందల సీట్లు దాటాలన్నది అప్పటి నినాదం. ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవి 94 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు, బీజేపీ రెండో స్థానంలో నిలిచింది. దేశంలో ఆ పార్టీ 303 నుంచి 240కి దిగి, తెలుగుదేశం 16 మంది, జేడీయూ 12 మంది భుజాలు పట్టుకుని మూడోసారి కుర్చీ ఎక్కింది. ‘ఎవలొచ్చినా గంతే’ అన్న ఊరే వచ్చినవాళ్లలో ఒకరిని ఏరుకుని, ఇంకొకరిని పంపేసింది. నిర్లిప్తతకు ఇంత ఓపిక ఉండదు.

‘వచ్చు’ ధాతువు మీద ఒక పిట్టకథ. 2023లో గద్వాల నుంచి బీఆర్‌ఎస్ టికెట్టు మీద గెలిచిన బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి 2024 జూలై మొదటివారంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. నెలాఖరుకు అసెంబ్లీలో బీఆర్‌ఎస్ నాయకుల గదిలో కనిపించారు. ఆగస్టు మొదట్లో మళ్లీ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిశారు. ఆయనొక్కరే అనడం అన్యాయం, ఆ బాట పట్టినవాళ్లు పదిమంది. వాళ్ల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ‘వచ్చు’కు రావడం, పోవడం రెండూ అర్థాలేనని గద్వాల శాఖ వ్యాఖ్యాతలు ఆ రాకపోకల నెలలోనే సవరించుకున్నారని వినికిడి.

‘గంతే’. అసలు గడ్డు పదం ఇదే. గంతే అనాలంటే ముందు ఒక ‘ఎంత’ ఉండాలి. కొలపాత్ర లేకుండా ఎవరూ కొలవరు. మరి ఈ సీమ దగ్గరున్న కొలపాత్ర ఏది?

1952 తొలి సాధారణ ఎన్నికల్లో వనపర్తి పంపింది సురవరం ప్రతాపరెడ్డిని. గద్వాల సీమ ఇటిక్యాలపాడువాడు, గోలకొండ పత్రిక నడిపినవాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు తిట్లతో జవాబివ్వకుండా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేసినవాడు. 1952లోనే, కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే ఆ కుర్చీ వదిలి కేరళ గవర్నరుగా వెళ్లిపోయారు. పైన చెప్పిన పీవీ ఈయన దగ్గరే జూనియర్ వకీలు. తర్వాత జైపాల్‌రెడ్డి: కల్వకుర్తికి నాలుగుసార్లు ఎమ్మెల్యే, ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్ వదిలారు, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదనే పోటీకి దిగి భారీగా ఓడారు. ఓడినా ఆ పోటీని జనం తప్పుగా ఎంచలేదు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి జనతా పార్టీ ఎంపీగా పంపారు, ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ వైపు మొగ్గిన ఎన్నికల్లో. ఈ ముగ్గురిలో ఎవరూ దేవుళ్లు కారు. కానీ పాత్ర అడుగున పోసిన గింజలు వీళ్లు. కొత్తగా వచ్చినవాడు పైకి ఎంత నిండాడో చూసి, నిండలేదని తేలితే ‘గంతే’ అంటారు. కాబట్టి ఇది లెక్క, నిట్టూర్పు కాదు.

‘గద’. ఊతపదం. ఎదుటివాడు ఒప్పుకుంటాడని ధీమా.

‘అన్నా’. సంబోధన ప్రథమా విభక్తి. చాయ్ తాగుతున్న పక్కవాడికే అని సామాన్యార్థం. కల్వకుర్తి శాఖవారికి విశేషార్థం ఉంది. రాష్ట్రమంతా ‘అన్న’ అని పిలిచింది ఒక్క ఎన్టీ రామారావును. 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడుచోట్ల నిలబడి మూడూ గెలిచిన అన్న, 1989లో హిందూపురంతో పాటు కల్వకుర్తికి వచ్చారు. అప్పుడాయన ముఖ్యమంత్రి, పైగా ఢిల్లీలో రాజీవ్‌గాంధీని దించడానికి కొన్ని ప్రతిపక్షాలు కట్టిన నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్. ప్రధానమంత్రిని మార్చే మనిషి తమ ఊళ్లో ఓట్లడుగుతున్నాడని కల్వకుర్తికి తెలుసు. కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్‌ను గెలిపించింది. ఢిల్లీలో మాత్రం ఫ్రంట్ గద్దెనెక్కింది. డిసెంబర్ 2న వీపీ సింగ్ ప్రమాణం చేశారు. చైర్మన్‌గారి రాష్ట్రంలో 294 అసెంబ్లీ సీట్లలో కాంగ్రెస్‌కు 181, 42 ఎంపీ సీట్లలో తెలుగుదేశానికి రెండు. కోపం ప్రధాని మీద ఉంటే ప్రధానికి, ముఖ్యమంత్రి మీద ఉంటే ముఖ్యమంత్రికి విడివిడిగా విస్తరి వేసే ఊరిది. ‘ఎవలొచ్చినా’లోని ‘ఎవలు’ అందరినీ ఒక గాట కట్టదని దీనితో సిద్ధం. ముప్పై నాలుగేళ్ల తర్వాత, 2023లో, గజ్వేల్‌తో పాటు కామారెడ్డిలో నిలబడ్డ ముఖ్యమంత్రి కేసీఆర్‌కు కామారెడ్డిలో ఇదే అన్వయం ఎదురైంది.

1989 తర్వాత అయిదేళ్లకు గాలి తిరిగింది. 1994లో రాష్ట్రమంతా అన్నకే ఓటేసింది; ఆయన హిందూపురం, టెక్కలి రెండుచోట్లా గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కల్వకుర్తికి రాలేదు. అంత గాలిలో కూడా కల్వకుర్తి, గద్వాల రెండూ ఆ పార్టీనీ కాదని, ఈ పార్టీనీ కాదని, స్వతంత్ర అభ్యర్థులను గెలిపించి హైదరాబాద్ పంపాయి.