వార్త నడిచొచ్చిన రోజులు

మా రోజుల్లో బడి వార్త మనిషి కాళ్ల మీద నడిచొచ్చేది. శనివారం పొద్దుగూకే వేళకు మా పంతులుగారు భుజాన తువ్వాల, చంకలో హాజరు పట్టీతో మా వాడలోకి వచ్చేవారు. కుక్కలు మొరిగేవి కావు, వాటికీ ఆయన తెలుసు. మా అమ్మ గడప ముందు గోనెపట్టా పరిచేది. ఆయన కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, ముసలమ్మ దగ్గు తగ్గిందా, బర్రె ఈనిందా, నాయినకు పని దొరికిందా అని అడిగి, ఆ తర్వాతే అసలు మాట చెప్పేవారు.

"అమ్మా, వచ్చే ఆదివారం కోతల పండుగ. పిల్లలు పాటలు పాడ్తరు. నీ కొడుకు ముందు వరుసల నిలబడాలె. పంపకుంటే పాట నడువది."

మా వరుసలో పదకొండు ఇళ్లుండేవి. పదకొండు ఇళ్ల ముందూ కూర్చునేవారు. ప్రతి ఇంటికీ అదే వార్త, కానీ ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి బిడ్డ పేరుతో చెప్పేవారు.

ఇప్పుడు మా మనవడి బడి వార్త మా కోడలి ఫోన్లో మోగుతుంది. వాడు పాలమూరు పట్టణంలో ఒక క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. డిసెంబరు వచ్చిందంటే ఆ వాట్సాప్ గ్రూపుకు తీరిక లేదు. సోమవారం పరీక్ష, బుధవారం ఆటల పోటీలు, శుక్రవారం సెమీ క్రిస్మస్, ఆ పైవారం యాన్యువల్ డే. రంగురంగుల బొమ్మ, కింద తేదీ, టైము, ఫలానా రంగు దుస్తులు, ఇంత రుసుము. దాని కింద వరసగా నలభై బొటనవేళ్లు, దండాలు, పువ్వులు. బొటనవేలు పెట్టినవాళ్లలో చదివినవాళ్లు ఎందరు? చదివినవాళ్లలో పిల్లవాణ్ణి పంపగలిగినవాళ్లు ఎందరు? ఆ మాట అడిగే మనిషే లేడు. నా బాధంతా ఇదే. వార్త మాత్రం వస్తోంది, దాన్ని మోసుకొచ్చే మనిషి రావడం లేదు.

ఈ మిషన్ బడుల పుట్టుక తెలిసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది. రష్యా నుంచి మెనోనైట్ బ్రెదరెన్ సంఘానికి చెందిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1889లో ఈ దేశానికి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. పదేళ్లకు, 1899లో, అమెరికా నుంచి అదే సంఘం వాళ్లు హైదరాబాదు చేరారు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లలో మిషన్ కాంపౌండ్లు లేచాయి. నల్లగొండలో కతోలికుల మేత్రాసనం 1976లో ఏర్పడింది, కన్యస్త్రీల బడులు మా పిల్లల తరానికి బాగా తెలుసు. మిషన్ దొరలు, దొరసానులు కట్టించిన పెద్ద భవనాల సంగతే అందరూ చెప్పుకుంటారు. కానీ పల్లెల్లో బడి అంటే ఒక గుడిసె, ఒక నల్లబల్ల, ఒక పంతులు. ఆ గుడిసెలోనే ఆదివారం ఆరాధన, రాత్రిపూట లాంతరు పెట్టి పెద్దవాళ్లకు అక్షరాలు. పంతులే బోధకుడు. జీతం కొంచెం, మిగతాది ఊళ్లోవాళ్లు కొలిచి పోసే జొన్నలు.

నిజాం ఏలుబడిలో పై చదువులు ఎక్కువగా ఉర్దూలో ఉన్న కాలంలో ఆ గుడిసెల్లో మా పెద్దలు తెలుగు అక్షరాలు దిద్దారు. ఊరి బడిలో మా వాడ పిల్లల్ని వాకిట్లో కూర్చోబెట్టిన రోజుల్లో ఆ గుడిసెలో చాప మీద కూర్చున్నారు. అట్లాంటి బడి తనంత తాను నిండేది కాదు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని ఏరుకొచ్చుకుంటేనే నిండేది. తిరగడం పంతులు ఉద్యోగంలో సగం. ఆ సగాన్ని ఇప్పుడు మనం వదిలేశాం.

మా పంతులుగారి క్యాలెండరు గోడకు వేలాడేది కాదు, పొలంలో ఉండేది. మిరుగం పోయి వానలు పడితే బడి మొదలు. కలుపుల కాలంలో సగం మంది రారు, పల్లికాయ పీకేటప్పుడు ఆడపిల్లలు అసలే రారు. అది తెలిసి ఆయన ఆ రోజుల్లో పరీక్ష పెట్టేవారు కాదు, పొద్దున్నే రెండు గంటలు చెప్పి వదిలేసేవారు. సీతాఫలాలు పండే రోజుల్లో గుట్టల మీద తిరిగే పిల్లల్ని గుట్ట దగ్గరికే పోయి పిలుచుకొచ్చేవారు. జొన్న కోతలయ్యాక కోతల పండుగ. ఎవరి చేతిలో ఏదుంటే అది తెచ్చేవాళ్లం. మానికెడు జొన్నలు, గుమ్మడికాయ, కోడిపుంజు, బుట్టెడు సీతాఫలాలు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెట్టేవారు. నేను తెచ్చిన నాలుగు సీతాఫలాలను మా పంతులుగారే పాడుకుని, తిరిగి మా పిల్లలకే పంచిన రోజు నాకు ఇంకా కళ్లలో ఉంది.

దసరా దాటితే ఆయనకు నిద్ర పట్టేది కాదు. మేస్త్రీలు అడ్వాన్సులు ఇచ్చి వలసకు మనుషుల్ని కూడగట్టే కాలం అది. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాక మా వైపు నుంచి ఎన్ని కుటుంబాలు అక్కడికి రాళ్లు, మట్టి మోయడానికి పోయాయో లెక్క లేదు. ఇల్లు తాళం పడితే బడిలో ఒక పలక ఖాళీ. అందుకే పంతులుగారు మేస్త్రీ కంటే ముందు ఆ ఇంటికి పోయేవారు. "మీరు పోండి, పిల్లవాణ్ణి ముసలమ్మ దగ్గర వదలండి, లేకుంటే బోర్డింగుల చేర్పిస్త" అని బతిమాలేవారు. ఒక ఇంట్లో తిట్లు తిన్నారు, ఇంకో ఇంట్లో తలుపు వేసుకున్నారు. మళ్లీ శనివారం మళ్లీ పోయేవారు.

నాకు తొమ్మిదో ఏడు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా నాయిన నన్ను ఒక మోతుబరి ఇంట్లో పశువుల కాడికి జీతానికి కుదిర్చాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. మాట అయిపోయింది. మా పంతులుగారు మొదటిసారి వచ్చి చదువు గొప్పతనం చెప్పారు, మా నాయిన వినలేదు. రెండోసారి వచ్చి కోప్పడ్డారు, మా నాయిన లేచి బయటికి పోయాడు. మూడోసారి వచ్చి ఏ వాదనా పెట్టలేదు.

"సరే, పంపు. కాని క్రిస్మస్ అయినంక పంపు. నాటకంల వాడు గొల్లవాడు. వాని మాటలు ఇంకొకనికి రావు. అప్పటిదాంక ఆగు."

మా నాయిన ఆగాడు. బడి వద్దన్నవాడు కూడా పండుగను చెడగొట్టడు. ఆ ఆరు వారాల్లో పంతులుగారు పట్నం బోర్డింగుకు ఉత్తరం రాసి, నాలుగు మైళ్లు నడిచి, సీటు మాట్లాడుకొచ్చారు. క్రిస్మస్ రాత్రి నేను నాలుగు మాటలు చెప్పాను, అంతే. చూరుకు కట్టిన పెట్రోమాక్స్ వెలుగులో మా నాయిన గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చాక పశువుల మాట ఎత్తలేదు. జనవరిలో నన్ను తనే భుజాల మీద ఎత్తుకుని బోర్డింగులో వదిలాడు.

ఇంతకూ బడి కార్యక్రమం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అది పిల్లవాణ్ణి బడికి కట్టి ఉంచే తాడు. "ముందు వరుసల నీ కొడుకు నిలబడాలె" అన్న ఒక్క మాటలో ఎంత బలముందో ఆ మనిషికి తెలుసు. అందుకే బాగా పాడేవాడికి ఎప్పుడూ మొదటి పాట ఇచ్చేవారు కాదు. ఏ పిల్లవాడు బడి మానబోతున్నాడో వాడికి ఇచ్చేవారు.

ఆ నాటకాలకు ఖర్చేముంది? జ్ఞానులకు మా నాయినల ధోవతులు, దేవదూతకు దొరసానమ్మ ఇచ్చిన తెల్ల దుప్పటి, అట్టముక్కల రెక్కలు. గొల్లలకు గొంగడి, చేతిలో తుమ్మకర్ర. మా పాలమూరు గొంగడికి పేరుంది, దాన్ని నేసే కురుమల ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. ఒక ఏడు నిజమైన గొర్రెపిల్లనే తెచ్చారు, అది మధ్యలో అరిస్తే ఊరంతా సంతోషించింది. వెదురుబద్దలు చీరి, గాలిపటం కాగితం అంటించి, లోపల దీపం పెట్టి నక్షత్రం చేసేవాళ్లం. గాలికి అంటుకోకుండా రాత్రంతా వంతులవారీగా కాపలా కాసేవాళ్లం. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు చిరుతలు కొడుతూ పాడుతుంటే హిందువులూ తురకలూ కూడా వచ్చి నిలబడేవారు.

ఇప్పుడు యాన్యువల్ డే ఫంక్షన్ హాల్లో. పెద్ద తెర, పొగ యంత్రం, చెవులు పగిలే స్పీకర్లు. పాట రికార్డులో వస్తుంది, పిల్లలు పెదాలు కదుపుతారు. దుస్తులు పట్నంలో కిరాయికి తెస్తారు. దేవదూతకు ఒక ధర, రాజుకు ఒక ధర. గొల్లవాడికి కూడా సాటిను అంగీ, దానికీ ధర! పశువుల పాకలో పుట్టిన బాలుడి కథ చెప్పడానికి, పేదింటి బిడ్డ కిరాయి కట్టలేక ఇంట్లో కూర్చోవాల్సి వస్తే, ఆ కథ మనకు ఏం అర్థమైనట్టు? ఇది నేను నవ్వుతూ అనడం లేదు, మనసు కాలి అంటున్నాను.

పోయిన డిసెంబరులో జరిగింది చెబుతాను. మా మనవడి పక్కన కూర్చునే పిల్లవాడు పన్నెండు రోజులు బడికి రాలేదు. "వాడు లేకుంటే నాకు బోర్ కొడుతోంది తాతా" అని మావాడు చెబితేనే నాకు తెలిసింది. బడిలో అడిగాను. "గ్రూపులో అన్నీ పెడుతున్నాం సార్, రిప్లై లేదు" అన్నారు. నేను మావాణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇల్లు వెతికాను. ఎంత దూరం? బడి వెనక మూడో సందు.

ఇంట్లో వాళ్ల నానమ్మ ఉంది. తల్లీ తండ్రీ పూణెలో భవనాల పనికి పోయారు. బడి రిజిస్టర్లో ఉన్నది తండ్రి నంబరు, ఆ ఫోను ఆయన జేబులో పూణెలో ఉంది. పరీక్ష వార్త పూణె పోయింది, ఆటల పోటీల వార్త పూణె పోయింది, క్రిస్మస్ నాటకం వార్తా పోయింది. ఆయన పరంజా మీద ఉన్నప్పుడు అవి మోగి, కింద దిగేసరికి వంద మెసేజుల కింద మునిగిపోయాయి. ఎనిమిది వందల రూపాయల దుస్తులు అన్న ముక్క ఒక్కటి మాత్రం కంటపడి, "ఈ నెల కాదు, పోరని పంపకు" అని తన తల్లికి ఫోన్లో చెప్పాడట. వార్త మూడు నాలుగు వందల మైళ్లు పోగలిగింది, మూడు సందులు దాటలేకపోయింది.

ఫోను దండగ అని నేననను. కళ్లుండి ఆ మాట అనలేను. మా కాలంలో సాగర్ పనికి పోయిన తల్లి, ఆరు నెలలు బిడ్డ ముఖం చూడకుండా రాళ్లు మోసింది. ఇవాళ పూణెలో ఉన్న తల్లి బిడ్డ పాట చూడగలదు. అదెంత భాగ్యమో మా అమ్మనడిగితే తెలిసేది. 2010 ఏప్రిల్ నుంచి చదువు హక్కు చట్టం అమల్లో ఉంది, ఆడపిల్లలు మా రోజుల కంటే ఎక్కువ మంది బడిలో ఉన్నారు, వాకిట్లో కూర్చోబెట్టే రోజులు పోయాయి. ఇవన్నీ మంచివే, వీటి కోసమే మా పంతుళ్లు చెప్పులరిగేలా తిరిగారు. కానీ మంచి వచ్చిందని తిరగడం మానేస్తే, వచ్చిన మంచి ఆ మూడో సందు దాకా పోదు.

నేను బడి పెద్దలను కోరేది ఒక్కటే. శనివారం ఒక గంట. ఒక టీచరు, ఒక సందు. రానివాళ్ల ఇళ్లకు మొదట. పరీక్ష తేదీ చెప్పే ముందు "తిన్నవా బిడ్డా" అని అడగండి. పండుగకు ఎవరిని ముందు వరుసలో నిలబెట్టాలో అక్కడ మీకే తెలుస్తుంది.

ఆ పిల్లవాడి క్లాసు టీచరమ్మ చిన్నమ్మాయి, పాతికేళ్లుండవు. నేను చెప్పింది విని తప్పుపట్టలేదు, ఆ శనివారమే నాతో వచ్చింది. నానమ్మ కంగారుగా కుర్చీ కోసం పక్కింటికి పోబోతే ఆపి, గడప ముందు చాప మీదే కూర్చుంది. "అవ్వా, నాటకంల మీ మనవడు గొల్లవాడు. వాడు లేకుంటే నాటకం నడువది" అంది. ఆ మాట నేను నేర్పింది కాదు. నేర్పకుండానే వచ్చింది. నా గొంతు పూడుకుపోయింది.

ముసలమ్మ కాసేపు ఏమీ అనలేదు. లోపలికి పోయి అటక మీంచి ఒక మూట దింపింది. దులిపితే వేపాకు రాలింది. తన పెనిమిటి కప్పుకున్న నల్ల గొంగడి, అంచు చెక్కుచెదరలేదు.

"కిరాయి బట్టలు మాతోని కాదు టీచరమ్మా. ఇది సరిపోతదా?"

"ఇదే కావాలవ్వా" అంది ఆ పిల్ల.