మార్జాలమునకు క్షీరాభిషేకము

పిల్లి యనగనే పాలు జ్ఞప్తికి వచ్చుట మన లక్షణము. ఎలుక జ్ఞప్తికి వచ్చుట పిల్లి లక్షణము. ఈ రెంటి నడుమ నలిగి, మూత్రపిండములు చెడిన ముసలి మార్జాలమొకటి ఎల్లారెడ్డిలో మా మేనమామగారి యింట గిన్నె వెంట గిన్నె నీరు త్రాగుచుండగా, ఆయన మీసము దువ్వుచు, "దీనికేం రోగం అల్లుడా? బిందెడు నీళ్లు తాగుతున్నది!" అని మురిసిపోయెను.

తూము విరిగి కాలువ పొంగి పారుచుండగా చెరువు నిండినదని పండుగ చేసికొను రైతు కామారెడ్డి మొదలు ఎల్లారెడ్డి వరకు వెదకినను దొరకడు. మంజీరపై 1923లో మొదలిడి 1931 నాటికి నిజాంసాగరమును కట్టుకొని, నీటి లెక్కలలో ఆరితేరిన సీమ యిది. చెరువు గట్టున మేలుకొనియుండు ఆ బుద్ధి పిల్లి గిన్నె కడకు వచ్చునప్పటికి ఏల నిద్రించునో తెలియదు. చెడిన మూత్రపిండము మూత్రమును చిక్కపరుపజాలదు. నీరు పోవుచునే యుండును, పిల్లి త్రాగుచునే యుండును, అయినను లోలోన ఎండుచునే యుండును.

పైగా పిల్లి ఎడారి వంశమున పుట్టినది. దాని పూర్వులు దప్పికను నమ్ముకొనక, నూటికి 70 పాళ్ళు నీరేయైన ఎలుకను నమ్ముకొని బ్రదికిరి. అట్టి దానికి నూటికి సుమారు 10 పాళ్ళ తేమ మాత్రమే గల ఎండు గుళికలను వడ్డించి, దూప తీర పాలు పోయు మన ఔదార్యము వర్ణనాతీతము. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర అరుగదు. విరేచనములై ఉన్న నీరును పోవును. పాలలోని భాస్వరము రోగికి మరియొక మోపు. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల యున్నంత మాత్రమున పిల్లులెల్ల అందు పట్టా పుచ్చుకొనవలెనను నియమమేమియు లేదు. తెనాలి రామకృష్ణుడు కాగిన పాలు పెట్టి తన పిల్లిని పాలకు దూరము చేసెనని రాయలవారు కోపించిరట. మూతి కాల్చిన నేరమును మన్నించినచో, నేటి పశువైద్యులు ఆయనకు శాలువ కప్పెడివారు.

మామ పిల్లికి పశువైద్యుడు చెప్పినది స్వల్పము: తడి ఆహారము, అందులో మరికొంత నీరు, ఇంటిలో నాలుగు చోట్ల శుభ్రమైన నీటిగిన్నెలు, అవసరమైనచో తాను చెప్పిన కొలతలో చర్మము క్రింద సెలైను. "సూది పొడుచుడా? పాపం తాకుతది!" అని మామ చెవులు మూసికొనెను, దాహముతో నెండించుట ఏ పద్దులోనికి వచ్చునో చిత్రగుప్తునికే యెఱుక.

నేను గంటసేపు బోధింపగా ఆయన మెత్తబడి, పాలచెంబు ప్రక్కన బెట్టి, దీర్ఘముగా ఆలోచించి యడిగెను: "అయితే పాలు బంద్ అల్లుడా. మజ్జిగ పొయ్యాల్నా?"